బెలుం గుహలు: ధ్యానమందిరం దగ్గర కాసేపు ఆగండి

బెలుం గుహలకు వచ్చేవాళ్లలో చాలామంది అట్టడుగున ఉన్న పాతాళగంగ దాకా గబగబా నడిచి, ఫొటోలు దిగి, గంటలో బయటపడుతున్నారు. నన్నడిగితే అక్కడ ముందు చూడాల్సింది గుహల్లోనే ఉన్న ధ్యానమందిరం. రాయి మంచంలా పరుచుకుని, తలవైపు దిండు పెట్టినట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఈ గుహల్లో ఉన్నారు. ఆ కాలం నాటి వస్తువులు దొరికితే అనంతపురం మ్యూజియంలో పెట్టారు. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ ఇంక ముందుకు రాలేనని అక్కడే కూర్చుంది. మేం తిరిగొచ్చేసరికి, "నాకిది చాలురా, ఎంత నెమ్మదిగా ఉందో" అంది. ఆ మాటతో నేనూ ఆమె పక్కన చాలాసేపు కూర్చున్నాను.

బెలుం ఊరు ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంది. తాడిపత్రి నుంచి 30 కిలోమీటర్లు. దారి పొడవునా నాపరాళ్ల గనులు. గుహలు పైకి కనిపించవు, చదునైన నేలలో గోతులు మాత్రమే ఉంటాయి. మధ్య గోతిలోంచి మెట్లు దిగాలి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980లలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. అయినా 1988 దాకా చుట్టుపక్కల చెత్తంతా తెచ్చి ఇక్కడే పోసేవారు. ఊరివాళ్లు, కొందరు పోలీసు అధికారులు పట్టుబట్టి బాగుచేయించబట్టే 2002లో జనానికి తెరిచారు. వాళ్లకు చెయ్యెత్తి దండం పెట్టాలి.

గైడ్‌ను తప్పకుండా తీసుకోండి. మాతో వచ్చినాయన ప్రతిచోటా టార్చి వేసి, తొందర పెట్టకుండా చూపించాడు. సప్తస్వరాల గుహలో వేలి కణుపుతో రాతిని మెల్లగా తట్టి, "చెవి దగ్గర పెట్టండి సార్" అన్నాడు. కంచు గిన్నె మోగినంత స్పష్టంగా వినిపించింది. కోటిలింగాల దగ్గర పైకప్పు నుంచి వేల కొద్దీ రాతి లింగాలు దిగి ఉంటాయి. సున్నపురాయిలోంచి నీరు చుక్కచుక్కగా కారుతూ వేల ఏళ్లలో కట్టినవవి, దయచేసి చేతులు వేయకండి, పిల్లల్నీ వేయనివ్వకండి. అన్నిటికన్నా లోతు పాతాళగంగ, 46 మీటర్లు. సన్నటి నీటిపాయ కళ్లముందే భూమిలోకి దిగిపోతుంది. అది బెలుం ఊరి బావిలోకి పోతుందని అక్కడివాళ్ల నమ్మకం.

లోపల ఉక్కపోత గట్టిగానే ఉంటుంది. పైపుల ద్వారా గాలి పంపిస్తారు కాబట్టి ఊపిరి గురించి టెన్షన్ అక్కర్లేదు. కానీ కొన్నిచోట్ల వంగి నడవాలి. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు ధ్యానమందిరం దాకా వచ్చి ఆగితే మంచిది. నూలు బట్టలు, జారని చెప్పులు, నీళ్ల సీసా చాలు. ఎండాకాలం వద్దు. ఆదివారం కూడా వద్దు, ఆ గోలలో ధ్యానమందిరంలో ఏం కూర్చుంటాం?

బసకు గుహల దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. పెద్దవాళ్లతో వెళ్తే అదే సుఖం, తెరిచే వేళకే లోపలికి దిగొచ్చు. మేం తాడిపత్రిలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ, రాత్రంతా లారీల హారన్లకు అమ్మకు కంటిమీద కునుకు లేదు. రోడ్డు వైపు గది మాత్రం తీసుకోకండి. పొద్దున్నే తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మాత్రం మళ్లీ వెళ్లి తినాలనిపించేలా ఉన్నాయి.

అదే రోజు గండికోట కూడా చుట్టేద్దామనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. దాని బదులు సాయంత్రం తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి చూడండి. విజయనగర కాలం నాటి శిల్పాలు, ఊళ్లోనే ఉన్నాయి, అలసట ఉండదు. తిరుగు ప్రయాణం అనంతపురం మీదుగా అయితే మ్యూజియంకు ఒక పూట పెట్టుకోండి.