వెంట్రుకలతో ఖనిజాల పరీక్ష: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

వెంట్రుకలు పంపి ఒంట్లో ఏ ఖనిజం తక్కువుందో తెలుసుకునే పరీక్షను మా ఇంట్లో కొన్నేళ్లుగా చేయిస్తున్నాం. ఉండేది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో. రక్తపరీక్షల్లో కాస్త పెద్దవి కావాలంటే చంద్రపూర్‌కో, వంతెన దాటి తెలంగాణ వైపుకో పోవాలి. ఇదైతే కిట్ కొరియర్‌లో వస్తుంది, సూది పోటు ఉండదు, పిల్లలు ఏడవరు. ఆ సుఖం చూసే మొదలుపెట్టాం. కానీ ఇనుము, జింక్, కాల్షియం సంగతి తేల్చుకోవడానికి దీన్ని నమ్ముకోవద్దని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

శాంపిల్ తీయడం తేలికే. తల వెనక, మెడకు కాస్త పైన నాలుగైదు చోట్ల కుదురుకు ఆనించి కత్తిరించాలి. కుదురు వైపు మూడు సెంటీమీటర్లు ఉంచి మిగతాది పారేయాలి. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆ ముక్కలో ఉండేది గత మూడు నెలల లెక్క. ల్యాబ్‌లో దాన్ని యాసిడ్‌లో కరిగించి ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రంతో కొలుస్తారు. యంత్రానికి వంక పెట్టను. వెంట్రుకలో ఉన్నదాన్ని అది సరిగ్గానే కొలుస్తుంది. ఆ లోహం ఒంట్లోంచి వచ్చిందా, బయట అంటుకుందా అన్నది మాత్రం అది చెప్పలేదు.

మా అత్తమ్మ రిపోర్టే చూడండి. ఇనుము గీత ఎర్రరంగులో పైదాకా పోయింది. ఐరన్ మాత్రలు మానేయమని కింద సలహా. ఆమెకేమో నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కనురెప్ప లోపలి భాగం తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం తీయిస్తే హిమోగ్లోబిన్ 8.6, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 7. పెద్దవాళ్లకు ఫెరిటిన్ 15 కంటే తగ్గితే ఇనుము నిల్వలు అయిపోయినట్టే. మరి వెంట్రుకల్లో అంత ఇనుము ఎక్కడిది? అత్తమ్మ గోరింటాకు పొడిని ఇనుప మూకుట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున నల్లగా దిగిన ఆ ముద్దను తలకు పట్టిస్తుంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నే తలకు ఏం రాస్తారమ్మా అని. ఈ వయసులో రక్తం ఎక్కడైనా పోతోందేమో కూడా చూడాలన్నారు. వెంట్రుకల రిపోర్టును నమ్మి కూర్చుంటే ఆ మాట మాదాకా వచ్చేదే కాదు.

మావారికి జింక్ ఎక్కువని వచ్చింది. ఆయన వాడేది చుండ్రు షాంపూ, అందులో ఉండే మందు జింక్ పైరిథియోనే. కొన్నిట్లో సెలీనియం సల్ఫైడ్ ఉంటుంది, అవి వాడితే సెలీనియం పెరిగి కనిపిస్తుంది. మాది బోరునీళ్ల స్నానం, తెల్ల పొర కట్టే నీళ్లు. ఇంట్లో అందరికీ కాల్షియం ఎక్కువే.

ఒకే చోట కత్తిరించిన జుట్టును రెండు కవర్లలో పెట్టి రెండు ల్యాబ్‌లకు పంపాం. ఒకరు కాల్షియం ఎక్కువన్నారు, ఇంకొకరు మామూలే అన్నారు. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో 1985లో ఇద్దరమ్మాయిల వెంట్రుకలను 13 ల్యాబ్‌లకు, 2001లో ఒకే మనిషి వెంట్రుకలను 6 ల్యాబ్‌లకు పంపి చూశారు. ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ పొంతన కుదరలేదు. కొందరు శాంపిల్‌ను కడిగి కొలుస్తారు, కొందరు కడగరు. కడిగితే సోడియం, పొటాషియం పోతాయి. అలాంటి సోడియం-పొటాషియం నిష్పత్తి చూసి మీ జీవక్రియ ఫలానా రకం, ఈ మాత్రల డబ్బాలు కొనండి అని వాళ్లే అమ్మడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది.

దీని విలువ వేరే చోట ఉంది. చేపల ద్వారా ఒంట్లో చేరే మిథైల్ పాదరసం వెంట్రుకలోని గంధకాన్ని పట్టుకుని అలాగే ఉండిపోతుంది. 1971-72లో ఇరాక్‌లో పాదరసం మందు పట్టించిన విత్తన గోధుమలను రొట్టెలు చేసుకు తిని జనం చనిపోయినప్పుడు, ఏ నెలలో ఎంత విషం ఎక్కిందో వెంట్రుకలను ముక్కముక్కగా కొలిచి చెప్పారు. అలాంటి అనుమానం ఉండి డాక్టరు రాస్తే నిశ్చింతగా చేయించుకోండి.

నీరసం, రక్తహీనత అయితే నేరుగా రక్తపరీక్షకే వెళ్లండి. జ్వరం ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువ చూపిస్తుంది, తగ్గాక చేయించాలి. మా గడ్చిరోలి జిల్లావాళ్లు సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) పరీక్ష కూడా అడగాలి, అది ఏ వెంట్రుకలోనూ కనిపించదు. అత్తమ్మ ఇప్పుడు ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటోంది, మాత్రకూ టీకీ మధ్య రెండు గంటలు ఆగుతోంది. హిమోగ్లోబిన్ 11 దాటింది. గోరింటాకు మానలేదు, మానాల్సిన పనీ లేదు.