తిరుపతి దగ్గర ‘ప్లాటు కొంటే టీడీఆర్ బాండ్ కూడా’ అంటున్నారా? అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదవండి

రేణిగుంట దాటి ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు పొలాల్లో కొత్త రకం అమ్మకం ఒకటి నడుస్తోంది. ప్లాటు అమ్ముతారు, దానితో పాటు ‘డెవలప్‌మెంట్ రైట్స్’ కూడా మీవే అంటారు. మాస్టర్ ప్లాన్ రోడ్డు ఈ పొలంలోంచే పోతుందని, పోయిన జాగాకు నాలుగింతల టీడీఆర్ (ట్రాన్స్‌ఫరబుల్ డెవలప్‌మెంట్ రైట్స్, అంటే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కులు) బాండ్ వస్తుందని, దాన్ని తిరుపతి బిల్డర్లకు అమ్ముకుంటే ప్లాటు ఊరికే వచ్చినట్టేనని లెక్క వేసి చూపిస్తారు. నేనూ మా బావమరిదీ రెండు ప్లాట్లకు కట్టిన అడ్వాన్స్‌లో సగం పైన ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వెంచర్ పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద లాభం లేదు లెండి, ఇలాంటి వెంచర్లకు బోర్డు మార్చడం ఒక పూట పని. మాటలు మాత్రం మారవు, అందుకే ఆ మాటల గురించే రాస్తున్నాను.

ముందు టీడీఆర్ సంగతి. మన రాష్ట్రంలో ఇది 2017 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 119, ఆ తర్వాత వచ్చిన సవరణల ప్రకారం నడుస్తోంది. రోడ్డు వెడల్పు చేయడానికో, మాస్టర్ ప్లాన్ రోడ్డు వేయడానికో మీ స్థలం మున్సిపాలిటీకి కావాల్సి వస్తే, డబ్బు పరిహారానికి బదులు మరోచోట అదనంగా కట్టుకునే హక్కు ఇస్తారు. దానికి ముందు ఆ స్థలాన్ని మీరు ఉచితంగా రాసిచ్చి స్వాధీనం చేయాలి. ఆ తర్వాత కమిషనర్ సర్టిఫికెట్ ఇస్తారు. అందరూ బాండ్ అంటున్నది దాన్నే. ఏ సంస్థ ఇచ్చిందో ఆ సంస్థ పరిధిలో ఇంకో స్థలంలో అదనపు అంతస్తుకో, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) సడలింపుకో దాన్ని వాడుకోవచ్చు. అక్కర్లేకపోతే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. తిరుపతిలో ఈమధ్య వేసిన మాస్టర్ ప్లాన్ రోడ్లకు స్థలాలు ఇచ్చిన చాలామంది ఇలా బాండ్లు తీసుకున్నవాళ్లే. కాబట్టి బాండ్ అనేది కట్టుకథ కాదు. మోసం నమ్మకంగా వినిపించేది కూడా అందుకే.

బ్రోకర్ దాటవేసే సంగతి ఇంకొకటి ఉంది. మాస్టర్ ప్లాన్ మ్యాపులో గీత గీసినంత మాత్రాన బాండ్ పుట్టదు. స్థలం చేతులు మారాలి, తీసుకున్న సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి. మాకు చూపించిన వెంచర్‌లో రోడ్డు లేదు, దానికోసం స్థలం అప్పగించిన కాగితం లేదు, సర్టిఫికెట్ అసలే లేదు. మరి ఏ బాండ్ చూపించి అమ్ముతున్నారని అడిగితే ఒక జిరాక్స్ తెచ్చారు. అందులో పేరు ఎవరిదో, సర్వే నంబర్ వేరే ఊరిది. ‘ఇది శాంపిల్ అన్నా, మీకూ అచ్చం ఇట్లాంటిదే వస్తుంది’ అన్నాడు బ్రోకర్. శాంపిల్ బాండ్ చూసి డబ్బులు కట్టమన్నమాట.

ఇక నాలుగింతల లెక్క. వినడానికి నాలుగు రెట్ల డబ్బు అన్నట్టే ఉంటుంది, కానీ ఆ నాలుగింతలు డబ్బులో కాదు, కట్టుకునే విస్తీర్ణంలో. ఆ హక్కును ఇంకోచోట వాడాలంటే రెండు చోట్లా రిజిస్ట్రేషన్ శాఖ విలువలు పోల్చి దాన్ని తగ్గిస్తారు. మన తిరుపతి లెక్కలో 50 అంకణాల ప్లాటు అంటే 200 గజాలు (ఇక్కడ అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు అయితే 72, బయటి నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే పొరపడతారు). అందులో 50 గజాలు రోడ్డుకు పోయి, 200 గజాల హక్కు వచ్చిందనుకోండి. పొలం దగ్గర గజం విలువ రెండు వేలు, తిరుపతిలో కట్టే చోట ఇరవై వేలు అనుకుంటే, ఆ 200 కాస్తా 20 గజాలవుతుంది. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవే, పద్ధతి మాత్రం ఇదే. ఆ ఇరవై గజాల హక్కును కూడా బిల్డర్ ముఖవిలువకు కొనడు, బేరమాడి తగ్గించే తీసుకుంటాడు. పైగా తణుకు, తిరుపతి లాంటి చోట్ల బాండ్ల జారీపై ఆరోపణలు వచ్చి, 2024లో కొత్త ప్రభుత్వం విచారణకు దిగాక పాత బాండ్ ఉన్నవాళ్లే దాన్ని వదిలించుకోవడానికి టెన్షన్ పడ్డారు. పొలం విలువను గజాల్లో పెంచి చూపించి ఎక్కువ హక్కులు తీసుకున్నారన్నది తణుకు గొడవలో ప్రధానమైన ఆరోపణ. రాని బాండ్ సంగతి అటుంచండి, వచ్చిన బాండ్‌ను కూడా ఆఫీసులో సరిచూసుకోకుండా కొనకూడదు.

బ్రోచర్‌లో ఒక పేజీ మొత్తం అమెరికా ఉంది. పచ్చటి పొలాలు, ఎర్ర కొట్టాలు, ‘అభివృద్ధి చెందిన దేశాల్లో రైతు భూమికి డెవలప్‌మెంట్ రైట్స్’ అని హెడ్డింగ్. ఇది చూసే మా బావమరిది పడిపోయాడు. ఆ పద్ధతి నిజంగా ఉంది. వాషింగ్టన్ నగరం పక్కనే మేరీలాండ్ రాష్ట్రంలో మాంట్‌గోమరీ కౌంటీ అని ఉంది. నగరం పొలాల మీదికి వస్తోందని 1980లో అక్కడి స్థానిక ప్రభుత్వం సుమారు 93,000 ఎకరాలను వ్యవసాయ రిజర్వుగా పెట్టింది. అంతకుముందు అయిదెకరాలకు ఒక ఇల్లు కట్టుకోనిచ్చేవాళ్లు, దాన్ని 25 ఎకరాలకు ఒకటి చేశారు. దాంతో రైతు భూమి విలువ తగ్గుతుంది కదా, అందుకని ప్రతి అయిదెకరాలకు ఒక హక్కు చొప్పున రైతుకు ఇచ్చి, ఊరి వైపు కట్టే బిల్డర్లకు అమ్ముకోమన్నారు. బిల్డర్ ఆ హక్కులు కొని, ప్రభుత్వం ఎక్కడ కట్టమందో అక్కడ ఎక్కువ ఇళ్లు కడతాడు. రైతు చేతికి డబ్బు వస్తుంది, పొలం పొలంగానే ఉంటుంది.

బ్రోచర్ వేసినవాడు మింగేసిన ముక్క ఇక్కడుంది. హక్కులు అమ్ముకున్న మేరకు ఆ పొలంలో ఇక ఇళ్లు కట్టకూడదు. ఆ షరతు భూమి రికార్డుల్లోకే ఎక్కుతుంది, తర్వాత ఎవరు కొన్నా వాళ్లకూ వర్తిస్తుంది. మరి ఈ పెద్దమనుషులు అదే పొలాన్ని ముక్కలు చేసి ఇళ్ల ప్లాట్లుగా అమ్ముతూ, దాని హక్కు కూడా ఇస్తామంటున్నారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఏ దేశంలోనూ కుదరదు. మన దగ్గర రోడ్డుకు ఇచ్చే బాండ్‌లోనూ అంతే: జాగా పోతేనే బాండ్. ప్లాటు, బాండ్ రెండూ పూర్తిగా మీవే అని ఎవరు చెప్పినా అందులో ఒకటి అబద్ధం. మా విషయంలో రెండూ అబద్ధాలే అని తేలింది. అసలు మన టీడీఆర్ రూల్స్‌లో పొలాన్ని పొలంగా ఉంచినందుకు రైతుకు హక్కు ఇచ్చే పద్ధతే లేదు. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. మామిడి తోటలు ఎంత వేగంగా ముక్కలవుతున్నాయో చిత్తూరు రోడ్డులో వెళ్లేవాళ్లందరికీ తెలుసు. కానీ లేనిదాన్ని ఉన్నట్టు అమ్ముతున్నారు, గొడవ అదీ.

జోన్ సంగతికి వద్దాం. మా సర్వే నంబర్ టుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్ అని ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకున్నాక తెలిసింది. అది పట్టుకెళ్లి అడిగితే బ్రోకర్ ఏమాత్రం తడుముకోలేదు. ‘అన్నా, నాలానే తీసేస్తాండారు గదా! ఇంగ ఏ పొలమైనా ప్లాట్లే. నువ్వు టెన్షన్ పడబాకు.’ ఈ ఒక్క మాటతో ఎంతమందిని ముంచుతున్నారో. నాలా అనేది 2006 నాటి చట్టం. వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చుకోవడానికి రెవెన్యూ వాళ్లకు రుసుము కట్టి అనుమతి తీసుకోవడం దాని సంగతి. దాన్ని రద్దు చేయాలని 2025లో ప్రభుత్వం నిర్ణయం తీసుకున్న మాట నిజం. కానీ మాస్టర్ ప్లాన్‌లోని జోన్ వేరు, నాలా వేరు. వ్యవసాయ జోన్‌ను నివాస జోన్‌గా మార్చాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు పిలిచి, ఉత్తర్వు ఇవ్వాలి. నాలా పోయినంత మాత్రాన మ్యాపులో రంగు మారదు, లేఅవుట్ అనుమతి అక్కర్లేకుండా పోదు. ఈ తేడా తెలియక చదువుకున్నవాళ్లు కూడా ‘అవును కదా, పేపర్లో వచ్చింది’ అని సంతకాలు పెడుతున్నారు.

కాగితాల దగ్గర మాకు అసలు అనుమానం వచ్చింది బ్రోచర్‌కూ డ్రాఫ్ట్ దస్తావేజుకూ పొంతన లేకపోవడం వల్ల. బ్రోచర్‌లో ‘50 అంకణాలు, తూర్పు ఫేసింగ్, 40 అడుగుల రోడ్డు’. దస్తావేజులో ‘మెట్ట, విస్తీర్ణం 0.04 ఎకరాలు, తూర్పు: దారి’. ప్లాటు నంబర్ లేదు, లేఅవుట్ అన్న మాట లేదు. అంటే రిజిస్ట్రార్ ఆఫీసు దృష్టిలో మీరు కొన్నది నాలుగు సెంట్ల మెట్ట పొలం. రేపు ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్ పెడితే అనుమతి లేని లేఅవుట్ అని తిప్పి పంపుతారు, బ్యాంకు లోన్ ఇవ్వదు. బ్రోచర్ చివరి పేజీలో ఎల్.పి. నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్) అని ఉండాల్సిన చోట ‘టుడా అప్లైడ్’ అని ఉంది. దరఖాస్తు ఎవరైనా పెట్టొచ్చు. నంబర్ ఉంటేనే అనుమతి ఉన్నట్టు. సర్పంచ్ సంతకంతో పంచాయతీ అప్రూవల్ అని ఒక కాగితం కూడా చూపిస్తారు. టుడా పరిధిలో టుడా సాంకేతిక అనుమతి లేకుండా ఆ కాగితానికి విలువ లేదు. సరైన లేఅవుట్ అయితే అందులో 15 శాతం ప్లాట్లు సంస్థకు తనఖా పెట్టి ఉంటాయి, రోడ్లూ కాలువలూ పూర్తి చేశాకే విడిపిస్తారు. తనఖా ప్లాట్ల నంబర్లు ఏవి అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, ఎదుటివాళ్ల ముఖం చూస్తే సగం తేలిపోతుంది.

స్థలం దగ్గరికి మాత్రం బ్రోకర్ లేకుండా ఒకసారి వెళ్లండి. మేం వెళ్లినప్పుడు పసుపు రంగు పూసిన రాళ్లు వరసగా పాతి ఉన్నాయి, ఒకచోట ఆ వరస ఒక పల్లంలోకి దిగి అటువైపు మళ్లీ ఎక్కింది. పల్లంలో ఇసుక, సర్కారు తుమ్మ. పక్క చేలో శెనక్కాయ పీకిస్తున్న పెద్దాయనను అడిగితే, ‘అది వంక నాయనా. ఇరవై ఒకటిలో వానలకు ఆ రాళ్లున్న జాగా అంతా నీళ్లే’ అన్నాడు. 2021 నవంబర్ మనకు గుర్తే కదా, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించిన నెల. ఇంటికొచ్చి ఎఫ్ఎంబీ (సర్వే శాఖ కొలతల పటం) తీయించి చూస్తే వంక గీత స్పష్టంగా ఉంది. బ్రోచర్ మ్యాపులో ఆ చోట ‘చిల్డ్రన్స్ పార్క్’ అని ఉంది. చెరువుకు నీళ్లు తెచ్చే వంక మీద రాళ్లు పాతితే మునిగేది కొన్నవాడే కాదు, కింద ఆయకట్టు కూడా ఎండుతుంది. పట్టా భూముల మధ్య డీకేటీ (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) ముక్క కలిపేసే అలవాటు కూడా మన జిల్లాలో ఉంది కాబట్టి 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములది), అడంగల్, 1బీ లాంటి రెవెన్యూ రికార్డులు సర్వే నంబర్ వారీగా చూసుకోండి, మొత్తం వెంచర్‌కు ఒక్క ఈసీ (భూమి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్) ఇచ్చి సరిపెట్టనివ్వొద్దు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) విషయంలో వాళ్ల జవాబు ‘ఫామ్ ల్యాండ్‌కు రెరా అక్కర్లేదు’. 500 చదరపు మీటర్లు దాటిన స్థలాన్ని ప్లాట్లు చేసి అమ్మాలంటే ముందు రెరాలో రిజిస్టర్ చేయాలని 2016 చట్టం చెబుతోంది. రిజిస్టర్ అయిన అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని కూడా అందులోనే ఉంది. ప్లాట్లు అని ప్రచారం చేసి, కాగితం మీద పొలం అని రాయడం ఈ రెంటినీ తప్పించుకోవడానికే. అందుకే బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు చెరపకండి. దస్తావేజులో పొలం అని రాసినా, ఇళ్ల ప్లాట్లుగా అమ్మారని చూపించేవి అవే.

మా డబ్బు సంగతి: వాళ్లు ఇచ్చింది రసీదు కాదు, ‘కమిట్‌మెంట్ స్లిప్’. వెనక్కి అడిగితే మొదట వేరే ప్లాటు చూపించారు, తర్వాత మా ప్లాట్లు ఇంకొకరికి అమ్ముడుపోతే ఇస్తామన్నారు. లాయర్ నోటీసు వెళ్లాక కొంత బ్యాంకులో వేశారు. అది వచ్చింది కూడా మేం కట్టింది బ్యాంకు ద్వారా కాబట్టే. మాతో పాటు నగదు ఇచ్చిన ఒకాయనకు ఇప్పటిదాకా రూపాయి రాలేదు, స్లిప్ మీద సంతకం తమది కాదని వెంచర్ వాళ్లు అంటున్నారట. మిగతా మొత్తానికి రెరాలో ఫిర్యాదు పెట్టాం. ఇదే వైపు ఇలాంటి స్లిప్ ఎవరి దగ్గరైనా ఉంటే, దాని మీద సంతకం పెట్టిన మనిషి పేరు, తేదీ, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ స్టేట్‌మెంట్ ఈ రోజే తీసిపెట్టుకోండి. వాళ్ల ఆఫీసు అద్దె గదిలో ఉంది, గేటు మీద ఇప్పటికే టు-లెట్ బోర్డు వేలాడుతోంది.