పండగ బొమ్మల చదువు ఆటలు: నాలుగేళ్లు ఆడించాక

పండగ దగ్గర పడిందంటే కేజీ పిల్లలు కుర్చీల్లో నిలవరు. ఆ రోజుల్లో కాస్త చదివించడానికి పనికొస్తుందని పండగ బొమ్మల చదువు ఆటల సెట్టు ఒకటి కొన్నాను. ఫైలు డౌన్‌లోడ్ చేసుకుని, ప్రింట్ తీసి, లామినేట్ చేసి, మనమే కత్తిరించుకోవాలి. గుమ్మడికాయలు, దెయ్యాలు, మంచు మనుషులు, క్రిస్మస్ చెట్లు, ఎర్ర గుండెలు. పండగ మారితే బొమ్మలు మారతాయి గానీ లోపల అవే పన్నెండు ఆటలు. నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఆ పన్నెండులో ఇప్పుడు అల్మారాలోంచి బయటికి వచ్చేవి మూడే.

మొదటి ఏడాది మాత్రం సంబరపడిపోయాను. పిల్లలు అడిగి మరీ ఆడేవాళ్లు. తీరా పండగ అయ్యాక అవే పదాలు బోర్డు మీద సుద్దముక్కతో రాస్తే సగం మంది నోరు తెరవలేదు. అదేంటి, నెలంతా ఆడారు కదా అనుకున్నాను.

గుట్టు పజిల్స్ దగ్గర బయటపడింది. ఒక ముక్క మీద టోపీ బొమ్మ, రెండో ముక్క మీద ‘హ్యాట్’ అని ఇంగ్లిష్ అక్షరాలు. తప్పు చేస్తే పిల్లలకే తెలిసిపోవాలని ఒక్కో జతను ఒక్కో వంపుతో కోయించారు. ఒక అమ్మాయి ఇరవై జతలూ టకటకా పెట్టేస్తోంది. పక్కన కూర్చుని చూస్తే ఆ పిల్ల కళ్లు అక్షరాల మీద లేనే లేవు, వేలితో అంచు తడుముతోంది. పెట్టిన జతలో బొమ్మ మీద నా అరచెయ్యి అడ్డం పెట్టి, ఈ పదం ఏంటమ్మా అన్నాను. “చెయ్యి తీయండి టీచర్, చెబుతాను” అంది.

మర్నాడు కత్తెర తీసుకుని అంచులన్నీ తిన్నగా కోసేశాను. అదే పిల్ల, అంతకుముందు ఇరవై పెట్టినంత సేపట్లో ఐదు పెట్టింది. కానీ ఆ ఐదూ చదివి పెట్టింది.

అప్పట్నుంచి ఏ ఆట చేతికొచ్చినా ఒకటే చూస్తాను, పదం చదవకుండా ఇందులో గెలవొచ్చా అని. సరైన జవాబుకు క్లిప్పు పెట్టే కార్డుల్లో ఆ జవాబు వెనక చుక్క ఉంటుంది, పిల్లలు ముందే తిప్పి చూసుకుంటారు. జతలు గుర్తుపెట్టుకునే ఆటను మామూలు పల్చటి కాగితం మీద తీశాను. వెనక నుంచి అక్షరాలు కనబడిపోతాయి. అది నా తప్పే, మందం కాగితం వాడాల్సింది. గోడలకు అంటించిన కార్డులు వెతికి పదాలు రాసుకొచ్చే ఆటలో ఒక్కో అక్షరం చూసి గీసుకొస్తారు, తీరా ఏం రాశావంటే తెలీదు. దాన్ని కొంచెం మార్చి, గోడ మీద బొమ్మ మాత్రమే అంటించి పదం వాళ్లనే రాయమంటే బాగుంది గానీ, రాయడం వచ్చిన నలుగురైదుగురికే అది.

బింగో సంగతి వేరు. టీచర్ పిలిచిన పదాన్ని తమ కార్డు మీద వెతికి గింజ పెట్టే ఆట అది. కార్డు ఎత్తి చూపిస్తే పిల్లలు ఆకారం పోల్చుకుని గింజ పెట్టేస్తారు. కార్డు చూపించకుండా నోటితో మాత్రమే చెబితే అదే ఆట చదువు అవుతుంది. సెట్టుతో వచ్చిన సూచనల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఇంకో పెద్ద ఇబ్బంది పండగ మాటలతోనే. చదవడం మొదలుపెట్టే పిల్లలకు శబ్దం, అక్షరం సూటిగా కలిసే మాటలు కావాలి. పండగ మాటలేమో చాలావరకు సూటిగా ఉండవు. ‘క్రిస్మస్’లో సి, హెచ్ కలిసి ‘క’ పలుకుతాయి, మధ్యలో టి పలకనే పలకదు. ‘గోస్ట్’లో హెచ్ మూగది. ఆకుల దండను ‘రీత్’ అంటారు, రాస్తే డబ్ల్యూతో మొదలవుతుంది! మొదటి శబ్దాన్ని బట్టి బొమ్మలు వేరుచేసే ఆటలో రెయిన్‌డీర్ బొమ్మ ఇచ్చారు, అది ‘ఆర్’ బుట్టలో పడాలి. ఒక పిల్లాడు ‘డి’ బుట్టలో వేశాడు. ఏంట్రా అంటే “డీర్ కదా టీచర్” అన్నాడు. వాడి చెవిలో తప్పేమీ లేదు. రిబ్బను కట్టిన పెట్టెను పిల్లలు ‘ప్రెజెంట్’ అంటారనుకుని సెట్టువాళ్లు ‘పి’ కింద పెట్టారు, మా క్లాసు మొత్తం ‘గిఫ్ట్’ అంది. ఇప్పుడు ఏ బొమ్మల ఆటైనా మొదలుపెట్టే ముందు బొమ్మలన్నీ ఒకసారి చూపించి పేర్లు అనిపిస్తాను. రెయిన్‌డీర్ కార్డయితే తీసేశాను.

చూడగానే చదవాల్సిన మాటల ఆటలు కూడా ఉన్నాయి. అవి అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ 1936లో ప్రచురించిన 220 మాటల జాబితా లోంచి తీసుకున్నవి, చిన్న పిల్లలకని మొదటి 40. ఆ 220లో నామవాచకాలు ఉండవు, వాటికి 95 మాటలతో వేరే జాబితా ఉంది. తమాషా ఏంటంటే ‘క్రిస్మస్’, ‘శాంటా క్లాజ్’ ఆ 95లో ఉన్నాయి. ఆ నలభైలో ‘బిగ్’, ‘రెడ్’, ‘రన్’, ‘నాట్’ లాంటివి శబ్దాలు కలుపుకుని హాయిగా చదవొచ్చు. ‘సెడ్’, ‘వన్’, ‘టూ’ లాంటివి మాత్రం మొండివి. సెట్టులో అన్నిటినీ ఒకే గాటన కట్టి బట్టీ పట్టించారు. నేను రెండు కట్టలుగా విడదీసుకున్నాను.

ఇక నిలిచిన మూడింటి సంగతి. ఒకటి బింగో, నోటితో చెప్పేది. రెండోది శబ్దాల గళ్లు. బొమ్మ కింద ఖాళీ గళ్లుంటాయి, మాటలో ఎన్ని శబ్దాలు వినిపిస్తే అన్ని బటన్లు ఒక్కొక్కటిగా గడిలోకి జరపాలి. 1960ల్లో సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎల్కోనిన్ పేరుతో వచ్చిన పద్ధతి ఇది. ఇక్కడా ఒక పొరపాటుంది. గిఫ్ట్ ‘బాక్స్’కు అక్షరాలు మూడు కదా అని మూడు గళ్లు ఇచ్చారు. ఒక పాప నాలుగో బటన్ చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నా వైపు చూసింది. ‘ఎక్స్’లో రెండు శబ్దాలున్నాయి మరి, ఆ పాప విన్నదే నిజం. పెన్నుతో నాలుగో గడి గీసిచ్చాను.

మూడోది పాచికల ఆట. అంకె పడిన వరసలో పదం చదివి రంగు వేయాలి, ఏ వరస ముందు నిండితే అది గెలిచినట్టు. చదవకుండా అడుగు పడదు కాబట్టి నాకు ఇష్టం. కానీ వాళ్లిచ్చిన బోర్డుల్లో ‘క్యాట్, హ్యాట్, మ్యాట్, ర్యాట్’ వరసగా ఉంటాయి. రెండు మాటలయ్యాక పిల్లలు మొదటి అక్షరం చూసి మిగతాది పాటలా పాడేస్తారు. ‘హ్యాట్, హిట్, హాట్, హట్’ అని అచ్చు మారే మాటలు పెడితే అప్పుడు ఆగి చూస్తారు. మన మాటలు మనం టైప్ చేసుకోవడానికి సెట్టులో ఒక ఖాళీ బోర్డు ఉంది. ఎక్కడో చివరి పేజీల్లో ఉండేసరికి నాకు రెండో ఏడాది గానీ కనబడలేదు. మొత్తం సెట్టులో డబ్బు పెట్టాల్సింది దానికే.

ఆ బోర్డు మీదే తెలుగూ ఆడిస్తున్నాను. తల, వల, కల, అల దాకా ఇబ్బంది లేదు, శబ్దాల గళ్లలో లాగే అక్షరానికో బటన్. గుణింతం వచ్చాక దీర్ఘం ఉన్న అక్షరానికి బటన్ బదులు ఐస్‌క్రీమ్ పుల్ల పెట్టించాను. ‘పడు’కు రెండు బటన్లు, ‘పాడు’కు ఒక పుల్ల, ఒక బటన్. ‘పడు’ వచ్చినప్పుడల్లా ఒకడు కావాలని కుర్చీలోంచి పడతాడు. పడనిస్తున్నాను, చదివాడని నాకు తెలుస్తుంది.

సరుకు నాణ్యత గురించి: లామినేషన్ అంచు కాస్త వదలకుండా కోస్తే నెలలోపు పొర విడిపోతుంది. మార్కర్ గీతలు అదే రోజు తుడవాలి, వారం ఆగితే శానిటైజర్ పెట్టి తుడవాల్సి వస్తుంది. ప్లాస్టిక్ పాచికలు వద్దే వద్దు, ఆ చప్పుడుకు తలనొప్పి. స్పాంజివి వాడండి.

మరీ చికాకు పెట్టింది కాలం. పండగ అయిపోయిన వారానికి మంచు మనిషి కార్డు తీస్తే “అది అయిపోయింది కదా టీచర్” అంటారు. ఏ పిల్లాడికి హ్రస్వాలు ఏ నెలలో పట్టుబడతాయో ఎవరు చెప్పగలరు? అందుకే ఈ ఏడాది గుమ్మడికాయల సెట్టు ప్రింట్ తీయలేదు. ఖాళీ బోర్డు తీసి, మూలల్లో బొమ్మలు మీరే వేసుకోండి అన్నాను. చాలామంది నక్షత్రాలు, దీపాలు వేశారు. ఒకడు మాత్రం నాలుగు మూలలా ట్రాక్టర్లు గీశాడు. ఆ ట్రాక్టర్ బోర్డు మీద ఆడడానికి ఇప్పుడు క్లాసులో క్యూ ఉంది.