జయపురంలో క్రిస్మస్ క్వయర్ (చర్చి బృందగానం) విందామనుకునేవాళ్లకు

బాఖ్, హాండెల్ అనే పాతకాలపు జర్మన్ సంగీతకర్తల పాటలు వినడానికి ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం దాకా వెళ్లాలా అని మా వదిన ఎకసెక్కం ఆడింది. 1880లలో ఈ కొండల్లోకి వచ్చిన మిషనరీలు జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్లు, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. బాఖ్ లైప్‌జిగ్‌లో కొలువు చేసిందీ లూథరన్ చర్చిల్లోనే. అందుకే నాకు ఆ పాటలు అక్కడ పరాయిగా అనిపించలేదు.

విజయనగరం నుంచి రాయగడ మీదుగా రైలుంది కానీ చుట్టుదారి. సాలూరు, సుంకి ఘాట్ మీదుగా బస్సే నయం. బస మాత్రం జయపురంలోనే చూసుకోండి. కొరాపుట్ ఎత్తు మీద ఉంది, గాలి బాగుంటుంది, జగన్నాథుడి గుడి, గిరిజన మ్యూజియం అక్కడే. అయినా పాటలు అయ్యేసరికి రాత్రవుతుంది. మంచులో మళ్లీ ఘాట్ ఎక్కడం అనవసరమైన టెన్షన్. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం తెల్లారి కాసేపే, అదీ బకెట్ లెక్కన. డిసెంబరు చలిలో ఈ సంగతి ముందే అడగాలి. తిండికి ఇబ్బంది లేదు, హోటళ్లలో తెలుగు నడుస్తుంది.

ఇక పాటలు. బాఖ్ 1734 క్రిస్మస్‌కు రాసిన ఒరటోరియో (నటన లేకుండా పాటలతోనే కథ చెప్పే పెద్ద రచన) ఆరు భాగాలు, ఆ పండుగ రోజుల్లో ఒక్కో రోజుకు ఒక్కోటి. క్వయర్ వాళ్లు అందులోని చిన్న కోరల్స్, అంటే చర్చి కీర్తనల్లాంటివి మాత్రమే ఎంచుకున్నారు. తెలివైన పని. వాద్యం లేదు, మైకు లేదు. ఆడవాళ్ల పై గొంతు సొప్రానో పైన తేలుతుంటే కింద బాస్ అనే మగవాళ్ల లోతు గొంతులు నేల పరిచినట్టు నిలబడ్డాయి. పక్కనున్న పెద్దాయన "ఆల్టో వినండి బాబూ, అందరూ దాన్నే వదిలేస్తారు" అన్నారు. ఆల్టో అంటే సొప్రానో కింద ఉండే ఆడవాళ్ల గొంతు. అక్కణ్నుంచి నా చెవి దాన్నే పట్టుకుంది.

తర్వాత హాండెల్ ఒరటోరియో 'మెస్సయ్య'. బైబిల్ ప్రవక్త యెషయా మాటలతో సాగే "మనకు శిశువు పుట్టెను" కోరస్‌లో ఒక గొంతు ఎత్తుకున్నది మరో గొంతు అందుకుంటూ పోవాలి. కొంచెం పరుగెత్తినా పట్టు తప్పలేదు. చివర అందులోదే హల్లెలూయ కోరస్‌కు కీబోర్డు, పెద్ద స్పీకర్లు పెట్టారు. నాలుగు గొంతులూ కలిసి ఒకే రొద. అసలు అది రెండో భాగం చివరిది, క్రిస్మస్ ఘట్టం మొదటి భాగంలోనే అయిపోతుంది. 1742లో డబ్లిన్‌లో తొలిసారి పాడింది కూడా ఏప్రిల్‌లో. అయినా జనం లేచి నిలబడి పాడుతుంటే ఎవరు కాదంటారు?

సీటు మధ్య వరుసల్లో చూసుకోండి. ముందు కూర్చుంటే దగ్గరున్న గొంతే వినిపిస్తుంది, స్పీకర్ల దెబ్బా అక్కడే ఎక్కువ. స్వెటర్ తప్పనిసరి. తిరుగు బస్సు పొద్దున్నే ఎక్కండి, కడుపులో తిప్పేవాళ్లు సుంకి ఘాట్‌కు ముందే టాబ్లెట్ వేసుకోండి.