గల్లీకి కరెంటు: ఏసీ మేలా, డీసీ మేలా?

ఫోన్ నడిచేది డీసీ మీద, అంటే ఒకే దిశలో పారే కరెంటు మీద. ల్యాప్‌టాప్ కూడా అంతే. ఎల్ఈడీ బల్బు లోపల వెలిగేది డీసీతోనే. మేడ మీద సోలార్ పలకలు ఇచ్చేది డీసీ, ఇన్వర్టర్ బ్యాటరీ దాచుకునేదీ అదే. మరి హైదరాబాద్‌లో ఇన్ని లక్షల ఇళ్లకు ఏసీ, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు, పంపి, ఇంటింటా దాన్ని మళ్లీ డీసీ చేసుకోవడం ఎందుకు, నేరుగా డీసీయే ఇవ్వొచ్చు కదా అని ఇంజనీరింగ్ పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం గల్లీ మొదట్లో రెండు స్తంభాల మధ్య గుయ్యిమంటూ ఉండే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలవుతుంది.

అసలు అది ఎందుకుందో ముందు చూద్దాం. 100 కిలోవాట్ల లోడున్న అపార్ట్‌మెంటు ఒకటి ఉందనుకోండి. లెక్క సులువుగా ఉండడానికి సింగిల్ ఫేజే అనుకుందాం. 230 వోల్టుల మీద పంపితే తీగలో సుమారు 435 ఆంపియర్లు పారాలి. 11 కేవీ, అంటే 11,000 వోల్టుల మీద అయితే 9 ఆంపియర్లు సరిపోతాయి. తీగ వేడెక్కి పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగలో నష్టం 2,000 రెట్లకు పైగా తేడా వస్తుంది. అందుకే కరెంటును దూరం నుంచి 400 కేవీ, 220 కేవీ మీద తెచ్చి, 132, 33, 11 అంటూ మెట్లు దించి, చివర్లో మన మీటరుకు 230 ఇస్తారు. ఒక్కో మెట్టు దగ్గరా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

ఆ పెట్టెలో తిరిగే భాగం ఏదీ లేదు. ఉక్కు రేకులు పేర్చిన కోర్, దాని మీద రెండు చుట్టలు, చుట్టూ నూనె. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ చుట్టకూ ఆ చుట్టకూ తీగ కలిసి ఉండదు. ఇటు నుంచి అటు శక్తిని చేర్చేది అయస్కాంత క్షేత్రమే. అయితే క్షేత్రం ఊరికే ఉంటే చాలదు, మారుతూ ఉండాలి. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే: క్షేత్రం ఎంత వేగంగా మారితే రెండో చుట్టలో అంత వోల్టేజీ పుడుతుంది. మన ఏసీ సెకనుకు 50 సార్లు ఇటూ అటూ తిరిగొస్తుంది కాబట్టి ఆ మార్పు ఆగదు. గుయ్యిమనే మోత కూడా దాని వల్లే. ప్రతి అరచక్రానికీ ఉక్కు రేకులు కంటికి కనిపించనంత సాగి ముడుచుకుంటాయి, అందుకే 50 హెర్ట్జ్ కరెంటుకు 100 హెర్ట్జ్ మోత వస్తుంది.

డీసీ ఇస్తే ఏమవుతుందో ఇంట్లోనే చూడొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చిన్న 230-12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, ముల్లు మీటరు ఒకటి, 1.5 వోల్టుల టార్చి సెల్ ఒకటి చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్లగ్గుకు పెట్టొద్దు. 230 వైపు తీగలకు మీటరు బిగించి, 12 వోల్టుల వైపు సెల్ ఆనించండి. ముల్లు ఒక్కసారి ఎగిరి వెంటనే సున్నాకు పడిపోతుంది. సెల్ అక్కడే ఉంది, కరెంటు పారుతూనే ఉంది, అయినా అవతల ఏమీ లేదు. ఇప్పుడు సెల్ తీసేయండి. ముల్లు ఈసారి వెనక్కి కొట్టుకుంటుంది. ఈ పని చేసేటప్పుడు మీటరు వైపు తీగలకు వేళ్లు తగలనివ్వొద్దు, సెల్ తీసిన క్షణంలో అక్కడ వోల్టేజీ గట్టిగా ఎగబాకుతుంది, షాక్ కొడుతుంది. పాత అంబాసిడర్ కారులో ఇగ్నిషన్ కాయిల్ 12 వోల్టుల బ్యాటరీతో స్పార్క్ పుట్టించింది సరిగ్గా ఈ దెబ్బతోనే. అందులో పాయింట్లు అనే చిన్న స్విచ్ డీసీని పదే పదే తెంపుతుంటుంది. డీసీ కూడా తెగుతూ ఉంటేనే ట్రాన్స్‌ఫార్మర్‌కు పని ఉంటుంది.

తెగకుండా ఇస్తే పని జరగకపోవడం ఒక్కటే కాదు, పెట్టె కాలిపోతుంది. 230 వోల్టుల చుట్ట నిరోధం 5 ఓములు అనుకుందాం. ఏసీ మీద, లోడు లేనప్పుడు, అది తీసుకునేది ఒక్క ఆంపియర్‌లో చిన్న వంతు. ఎందుకంటే మారే క్షేత్రం అదే చుట్టలో ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును ఆపుతుంది. డీసీలో ఆ ఎదురు ఉండదు. 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు! కోర్ సంతృప్తమైపోతుంది, అంటే ఇంకే అయస్కాంతత్వాన్నీ పట్టలేదు, తీగ మీది ఎనామిల్ పూత కాలిన వాసన వస్తుంది, ఫ్యూజ్ కొట్టకపోతే వైండింగ్ మాడిపోతుంది.

చరిత్రలో ఏసీ, డీసీల పోటీ తేలిందీ ఇక్కడే. ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో 110 వోల్టుల డీసీ ఇచ్చారు కానీ అది చుట్టుపక్కల పేటలను దాటి పోలేకపోయింది. 1886లో విలియం స్టాన్లీ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి ఏసీ పంపి చూపించాక దూరం పెద్ద అడ్డంకి కాకుండా పోయింది.

అలాగని డీసీని తీసిపారేయడానికి లేదు. ఒడిశాలోని తాల్చేర్ నుంచి కర్ణాటకలోని కోలార్‌కు 500 కేవీ డీసీ లైను 2003 నుంచి నడుస్తోంది, దాని సామర్థ్యం మొదట 2,000 మెగావాట్లు, తర్వాత 2,500కు పెంచారు. వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరాలకు డీసీయే లాభం: తీగలు తక్కువ పడతాయి, రెండు గ్రిడ్ల (కరెంటు లైన్ల వలల) ఏసీ లయ ఒక్కటిగా కలవాల్సిన పనీ లేదు. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఏసీ ద్వారా కలిసేదాకా, అటు నుంచి మనకు పెద్ద మొత్తంలో కరెంటు వచ్చింది ఇలాంటి డీసీ లింకుల మీదుగానే. కానీ ఆ 500 కేవీ ఎక్కడిది? లైను రెండు కొసల్లోనూ భారీ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. ఏసీగా వోల్టేజీ పెంచాకే డీసీగా మారుస్తారు.

మెట్రోల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. మన హైదరాబాద్ మెట్రో పైతీగ నుంచి 25 కేవీ ఏసీ తీసుకుంటుంది. బెంగళూరు మెట్రోకు పట్టాల పక్కన వేసిన మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ అందుతుంది. మనకు సబ్‌స్టేషన్లు తక్కువ చాలు కానీ ట్రాన్స్‌ఫార్మర్ బరువును రైలే మోయాలి. వాళ్ల రైలుకు ఆ బరువు లేదు, సొరంగంలో పైతీగకు చోటు వెతకక్కర్లేదు, బదులుగా సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా కట్టుకోవాలి. మనది మొత్తం స్తంభాల మీది దారి కాబట్టి ఏసీ ఎంచుకోవడమే సబబు అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌తో డీసీ వోల్టేజీనీ దించొచ్చు, నిజమే. ఫోన్ ఛార్జర్ చేసేది అదే. ముందు 230 ఏసీని సుమారు 325 వోల్టుల డీసీ చేస్తుంది, దాన్ని సెకనుకు వేల సార్లు తెంపి, చింతగింజంత కాకపోయినా అగ్గిపెట్టె కన్నా చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. మార్పు వేగం పెరిగితే కోర్ చిన్నదైనా సరిపోతుంది. పాత అడాప్టర్లు ఇటుకలా బరువుండేది 50 హెర్ట్జ్ వల్లే. ఈ పద్ధతినే పెద్దది చేసి గల్లీ స్తంభం మీద పెట్టొచ్చు. కానీ మే నెల ఎండలో, పిడుగుల వానలో, రాత్రి పెళ్లింటి ఓవర్‌లోడులో ఏళ్ల తరబడి నిలబడి, లైన్‌మన్ ఫ్యూజ్ తీగ మార్చగానే మళ్లీ పనిచేసే పెట్టె ఇప్పటికి నూనె ట్రాన్స్‌ఫార్మరే. గల్లీకి ఏసీయే మేలంటాను.

ఇంటి లోపల మాట వేరు. సోలార్, బ్యాటరీ ఉన్నవాళ్లు లైట్లకు, రౌటర్‌కు విడిగా డీసీ లైను వేసుకుంటే మార్పిడి నష్టం కొంత తగ్గుతుంది. 12 వోల్టుల మీద 240 వాట్లకు 20 ఆంపియర్లు పారతాయి కాబట్టి లావు తీగ కావాలి. టెలిఫోన్ ఎక్స్‌చేంజీలు వాడే 48 వోల్టులైతే 5 ఆంపియర్లే. స్విచ్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది, అప్పుడు స్విచ్‌లోని నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ అలాగే మండుతూ ఉంటుంది. సోలార్ పలకల వరుస వందల వోల్టులు ఇస్తుంది కాబట్టి అక్కడ మామూలు ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనే తెంపే స్విచ్) పెడితే మంటలు లేవొచ్చు. ట్రూప్ బజార్‌లో కొనేటప్పుడు ఎంసీబీ మీద డీసీ అని, ఎన్ని వోల్టుల దాకా అని అచ్చు వేసి ఉందో లేదో చూసి తీసుకోండి. ఎలక్ట్రీషియన్ ఏదైనా ఒకటే అంటే ఒప్పుకోకండి.