అదిశ రాశి, సదిశ రాశి: తేడా ఎక్కడ?

అనంతపురం నుంచి కర్నూలుకు రోడ్డు మీద దాదాపు 150 కి.మీ. ఇది దూరం, అదిశ రాశి. అంకె, ప్రమాణం చెబితే చాలు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఉత్తర ఈశాన్యంగా సుమారు 135 కి.మీ. ఇది స్థానభ్రంశం, సదిశ రాశి. దిక్కు చెప్పకపోతే అర్థమే లేదు. సాయంత్రానికి తిరిగొస్తే దూరం 300, స్థానభ్రంశం సున్నా. దిక్కు లేని వడికీ, దిక్కున్న వేగానికీ తేడా ఇదే.

అసలు తేడా కూడికలో బయటపడుతుంది. 50 కిలోలకు 50 కలిపితే ఎప్పుడూ 100 కిలోలే. అదే శెనక్కాయల బస్తాకు రెండు తాళ్లు కట్టి ఇద్దరు చెరో 100 న్యూటన్ల బలంతో లాగితే? ఒకే దిక్కుకైతే 200. తాళ్ల మధ్య 60 డిగ్రీలుంటే 173, లంబంగా ఉంటే 141. 120 డిగ్రీలైతే 100 మాత్రమే, అంటే రెండో మనిషి ఉన్నా ఒక్కడి లాగుడే మిగిలింది! ఎదురెదురుగా లాగితే బస్తా కదలదు.

ఇంటర్ పిల్లలు ఎక్కువగా పొరబడేది విద్యుత్ ప్రవాహం దగ్గర. దానికి దిశ ఉంది, అయినా అది అదిశ రాశే. కూడలిలోకి 3, 4 ఆంపియర్లు వస్తే, తీగలు ఏ కోణంలో ఉన్నా బయటికి పోయేది 7. సదిశ రాశి కావాలంటే దిశ ఉంటే చాలదు, సమాంతర చతుర్భుజ నియమం ప్రకారం, అంటే పై తాళ్ల బలాల్లా మధ్య కోణాన్ని బట్టి కూడాలి.