లైట్లున్న బుల్లి ఇంటి కిట్ కొంటున్నారా? ముందు వైరు చూసుకోండి

లైట్లతో వచ్చే బుల్లి బొమ్మ ఇళ్ల కిట్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

మా అన్నయ్య కూతురి పుట్టినరోజుకి రెండు గదుల కిట్ తెప్పించాను. ఫొటోలో రెండు ఏఏఏ సెల్స్ పట్టే బ్యాటరీ బాక్స్ ఉంది. పార్శిల్‌లో దాని బదులు యూఎస్‌బీ వైరు వచ్చింది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "ఏం కాదు మేడమ్, ఏ చార్జర్‌కైనా పెట్టేసుకోండి" అన్నాడు. నమ్మాను.

పదిహేను రోజులు సాయంత్రాలు కూర్చుని ఇద్దరం కుర్చీలూ, పుస్తకాల అరా, వంటగట్టూ అతికించాం. పైకప్పు కూడా గమ్ముతో బిగించేసి చార్జర్‌కి పెట్టాం. నాలుగు బల్బులూ ధగధగా వెలిగాయి. పాప చప్పట్లు కొట్టింది. చూస్తుండగానే ఆ పసుపు వెలుగు నీలంగా తిరిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. "అత్తా, వంటింట్లో కూడా పోయింది" అంది బిక్కమొహంతో.

కప్పు బ్లేడుతో కోసి చూశాను. ఆ ఎల్‌ఈడీ బల్బుకి కావలసింది సుమారు 3 వోల్టులు, రెండు ఏఏఏ సెల్స్ ఇచ్చేదీ అంతే. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు. అందుకే ఒక్కో బల్బుకీ కరెంటుని అదుపు చేసే ఓ రెసిస్టర్ వేయాలి, 150 ఓమ్స్‌ది సరిపోతుంది. ఒక్కదానికీ లేదు. జాయింట్లకి సోల్డరింగే లేదు, తీగలు మెలిపెట్టి సెల్లోటేపు చుట్టారు. ఒకచోట టేపు జారి రెండు తీగలూ తగలడానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. చెక్కా కాగితంతో కట్టిన ఇల్లు, పిల్ల మంచం పక్కన పెడదామనుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

వాపసు అడిగితే, విప్పి వాడేశాక తీసుకోం అన్నారు.

పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. ఏ గోడా అతికించకముందే బల్బులన్నీ బల్ల మీద పరిచి వెలిగించి, అరగంట దగ్గరే ఉండి చూడండి. వైరు గానీ బాక్స్ గానీ వేడెక్కితే వెంటనే తీసేయండి, ఎక్కడో షార్ట్ ఉండొచ్చు. అసలు వెలగకపోతే ప్లస్, మైనస్ తిరగేసి చూడండి. జుట్టంత సన్నటి రాగి తీగకి వార్నిష్ పూత ఉంటుంది, కొస గీకితే తప్ప కరెంటు పోదు. హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడి తగిలితే ముడుచుకుని జాయింటుని కప్పేసే ప్లాస్టిక్ గొట్టం, సోల్డరింగ్‌కి ముందే తీగకి ఎక్కించుకోండి, తర్వాత ఎక్కదు. కప్పు మాత్రం ఊడివచ్చేలా వదిలేయండి. ఈసారి నేను చిన్న అయస్కాంతాలు పెట్టాను.

ఇంకొకటి. కొన్ని కిట్లలో నాణెంలా ఉండే సీఆర్2032 బటన్ సెల్ వస్తుంది. మూతకి స్క్రూ లేకపోతే చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచకండి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా సరే, నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.